కుడి పక్క కిటికీ

పిళ్ళప్ప కారు దిగాలంటే ముందు ఒళ్ళంతా పక్కకు తిరగాలి. ఎడమ చేతిని అడ్డంగా తెచ్చి కుడి తలుపు గడియ తీస్తాడు, ఆపైన కాళ్ళు కింద పెడతాడు, ఆపైన మనిషి బయటికి వస్తాడు. కుడి చెయ్యి మాత్రం చుట్టంచూపుగా వచ్చినట్టు ఊరికే వేలాడుతూ ఉంటుంది. బాగేపల్లి బస్టాండుకు ఇవతల, అమరనాథ్ ఆటో ఎలక్ట్రికల్ షాపు ముందు, ఆ మంగళవారం పొద్దున అట్లాగే దిగాడు.

"భుజం పట్టుకపాయెనప్పా," అన్నాడు. "స్టీరింగు తిప్పేదానికి ఏం ఇబ్బంది ల్యా. కిటికీలో నుంచి బయటికి చాపేదానికే కాదు. ఇంత మట్టుకే లేస్తాది, చూడు."

చూపించాడు. మోచెయ్యి నడుము దగ్గర్నుంచి జానెడు లేచి అక్కడే ఆగిపోయింది. ఇంకొంచెం లేపబోయి పళ్ళు బిగబట్టి దించేశాడు.

అమరనాథ్ ఆ చెయ్యిని చూసి, తర్వాత కారును చూశాడు. తెల్ల అంబాసిడరు, అమరనాథ్ పుట్టకముందుది. దాని కుడి పక్క అద్దం ఎప్పుడో ఊడిపోయింది. ఇండికేటర్ల సంగతి చెప్పనక్కర్లేదు. పట్టపగలు వెలిగిందో లేదో తెలుసుకోవాలంటే గాజు మీద అరచెయ్యి అడ్డం పెట్టి తొంగిచూడాలి. ఇన్నేళ్ళూ పిళ్ళప్ప వాటిని నమ్ముకుని బండి తోలలేదు. కుడికి తిరగాలంటే కిటికీలోంచి చెయ్యి తిన్నగా చాపేవాడు, అరచెయ్యి వెనక్కి చూపిస్తూ. పరగోడు నుంచి బాగేపల్లి దాకా ఆ చెయ్యి తెలియని డ్రైవరు లేడు. ఇప్పుడా చెయ్యి లేవదు.

"గురువారం చింతామణి పోవల్ల. ఈమెకు కంటి చెకప్పు," అన్నాడు పిళ్ళప్ప. "యాడన్నా కుడికి తిరగల్లంటే గుండె దడదడ అంటాది. వెనకొచ్చేవానికి ఎట్ల చెప్పేది?"

"ఎల్‌ఈడీ వేస్తాను తాతా. మొన్ననే చిక్కబళ్ళాపురం నుంచి తెచ్చిన సెట్టు ఉండాది. ఎంత ఎండలోనైనా కన్ను గుచ్చినట్ల కనిపిస్తాది."

పిళ్ళప్ప పెళ్ళాం పుట్టమ్మ ఎడమ తలుపు తీసుకుని దిగింది. కంటి ఆపరేషను ఈమధ్యే అయింది. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన పెద్ద నల్ల కళ్ళద్దాలు ముఖంలో సగం కప్పేశాయి. పక్కనున్న మునిశామప్ప టీ అంగడి బెంచీ మీద, కారు వెనక భాగానికి ఎదురుగా, కొంగు సర్దుకుని కూర్చుంది.

అమరనాథ్ పనిలో దిగాడు. ఇండికేటర్ల గాజుల మరలు తుప్పుతో కరుచుకుని ఉంటే చుక్క చుక్కగా నూనె వేసి, కాసేపు ఆగి, స్క్రూడ్రైవరు తల మీద నెమ్మదిగా తట్టి ఊడదీశాడు. హోల్డర్లను గరుకు కాగితంతో ఇత్తడి మెరిసేదాకా రుద్దాడు. ఇంత పాత బండిలో రేకు మీద రంగూ తుప్పూ పేరుకుని కరెంటుకు తిరిగి పోయే దారి ఉండదు కాబట్టి, ప్రతి హోల్డరుకూ ఒక నల్ల తీగ వేసి బాడీకి బిగించాడు. పాత బల్బులు తీసి ఎల్‌ఈడీలు పెట్టి, స్టీరింగు కింది ఇండికేటరు కాడ తిప్పమన్నాడు. వెలిగాయి. కానీ కొట్టుకోలేదు, గుడ్లప్పగించినట్టు వెలిగి అట్లాగే ఉండిపోయాయి.

"ఏమాయె?" అన్నాడు పిళ్ళప్ప కంగారుగా.

"ఏం కాలేదు తాతా. లైట్లను ఆర్పి వెలిగించే పాత ఫ్లాషరు వేడెక్కితేనే పని చేస్తాది. ఈ బల్బులు తినే కరెంటు దానికి చాలదు, వేడే ఎక్కదు. ఎలక్ట్రానిక్ ఫ్లాషరు వేస్తే సరిపోతాది."

డ్యాష్ కింద వెల్లకిలా పడుకుని, నాణేల డబ్బాలాంటి ఆ పాత ఫ్లాషరు పీకి, కొత్తది తగిలించాడు. టిక్కు టిక్కు టిక్కు. ఈ పనిలో అమరనాథ్‌కు అన్నిటికంటే ఇష్టమైన చప్పుడు అది. లేచి చొక్కా దులుపుకుని ముందు కుడి మూలకు వెళ్ళి నిలబడ్డాడు.

"కుడిది వెయ్యి తాతా."

కుడిది కొట్టుకుంది. వెనక కుడి మూలకు నడిచాడు. అదీ కొట్టుకుంది. "ఎడమది." ఎడమ ముందు, ఎడమ వెనక. అన్నీ బాగున్నాయి. షాపు పెట్టినప్పటినుంచీ అమరనాథ్ చూసే పద్ధతి ఇదే. ఏ దీపం వెయ్యమంటాడో ఆ దీపం ముందు నిలబడి దాన్నే చూస్తాడు.

"ఏమప్పా, అమరా," అంది బెంచీ మీంచి పుట్టమ్మ, "ఆ పక్కది గూడా కొట్టుకుంటాండాదే?"

"ఏ పక్కదమ్మా?" అన్నాడు అమరనాథ్. తల తిప్పలేదు, గాజు మర బిగిస్తున్నాడు.

"కుడిది వేసినప్పుడు ఎడమది గూడా. రెండూ ఒకేసారి."

"ఎండ పడి మెరుస్తాదమ్మా. కొత్త బల్బులు గదా."

మునిశామప్ప టీ వడపోస్తూ అందుకున్నాడు. "ఆపరేషను అయినాక కొన్నాళ్ళు ఒకటి రెండుగా కనిపిస్తాదిలే పుట్టమ్మా. మా ఇంటామె నన్నే ఇద్దరుగా చూసి, ఒగణ్ణి సాకేదే కష్టమంటే ఇంగొగడు యాడ్నుంచి వచ్చె అని ఏడ్చె."

బెంచీ మీదున్న వాళ్ళంతా గొల్లున నవ్వారు. కారులోంచి పిళ్ళప్పా నవ్వాడు. అమరనాథ్‌కూ నవ్వొచ్చింది.

పుట్టమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది. "రెండుగా కనిపించేదైతే నువ్వూ రెండుగా కనిపించల్ల గదా మునిశామప్పా. ఒగనివే ఉండావు."

దానికీ నవ్వారు. కానీ కారు వైపు ఒక్కరూ చూడలేదు.

"ఇంగొకసారి చూడప్పా," అందామె, ఈసారి చిన్నగా.

"చూసినానమ్మా," అన్నాడు అమరనాథ్. నిజానికి చూడలేదు. అప్పటికే హారను మోగని ఆటో ఒకటి వచ్చి ఆగింది, దాని డ్రైవరు తొందర పెడుతున్నాడు. పుట్టమ్మ లేచి, ఎప్పటిలాగే పిళ్ళప్ప పక్కన ముందు సీట్లో కూర్చుంది. కారు పొగ వదిలి రోడ్డెక్కింది.

గురువారం పొద్దున స్కూలు వ్యాను నడిపే నందీశ్ ఫ్యూజు మార్పించుకోవడానికి వచ్చాడు. పిల్లల్ని దింపేసి వచ్చాడు, కబుర్లాడే తీరికలో ఉన్నాడు.

"నీ దగ్గర లైట్లు వేయించుకున్నాడంట గదా పరగోడు పిళ్ళప్ప," అన్నాడు. "మంగళవారం దినం ఆయప్ప నా పానం తీసుండు."

"ఎట్ల?" అన్నాడు అమరనాథ్. చేతిలో ఫ్యూజు ఉంది.

"నేను ఆయప్ప వెనకాలే పోతాండా, పరగోడు తిరుగుడు కాడ. నాలుగు లైట్లూ టపటపమని కొడ్తాండాడు. నేరుగా పోతాడేమో అనుకోని నేను కుడి పక్క నుంచి ఎక్కించినా. ఉన్నట్టుండి కుడికి తిప్పె! బ్రేకు తొక్కితే పిల్లోళ్ళందరూ ముందు సీట్ల మీద పడిరి. ఎవరికీ ఏం కాలేదు, దేవుడుండాడు."

నాలుగూ కొట్టుకుంటే బండి చెడిపోయి ఆగిందని రూల్సు పుస్తకంలో ఉంటుంది. ఈ రోడ్ల మీద ఆ పుస్తకం ఎవరూ చదవలేదు. కూడలి దగ్గరో, పక్క దారి దగ్గరో నాలుగూ వేసుకున్నాడంటే నేరుగా పోతున్నాడని అర్థం. లారీవాడికీ అదే లెక్క, బస్సువాడికీ అదే, అమరనాథ్‌కూ అదే. మరి కుడికి తిరిగే బండి నాలుగూ వేసుకుని పోతే వెనకవాడు ఏం చేస్తాడు? కుడి పక్కనుంచే దాటుకుని పోతాడు.

అమరనాథ్‌కు బెంచీ మీది నల్ల కళ్ళద్దాలు గుర్తొచ్చాయి. 'కుడిది వేసినప్పుడు ఎడమది గూడా.'

ఎక్కడ తప్పిందో నిలబడ్డ చోటే తట్టింది. ఆ కారు డ్యాషులో ఇండికేటరు వేసినట్టు తెలియడానికి ఒక్కటే ఆకుపచ్చ బల్బు ఉంది. ఎప్పుడో ఎవరో దాని ఒక తీగ కుడి దీపాలకూ ఇంకో తీగ ఎడమ దీపాలకూ కలిపి ఉంటారు. కుడిది వేస్తే కరెంటు ఆ చిన్న బల్బు గుండా ఎడమ పక్కకూ పోతుంది. పాత బల్బులకు ఆ కాస్త కరెంటు పంటి కిందికి రాదు, వెలగవు. ఎల్‌ఈడీలకు అదే విందు. అది తెలియని వాడు కాదు అమరనాథ్. ఆ పొద్దు ఒక్కసారి తల తిప్పి ఉంటే అప్పుడే పట్టేవాడు.

ఫ్యూజు నందీశ్ చేతిలోనే పెట్టేసి పిళ్ళప్పకు ఫోను చేశాడు. కోడలు ఆశా ఎత్తింది.

"మామ లేడన్నా. పొద్దున్నే చింతామణికి పాయె. ఫోను చార్జింగుకు పెట్టి మరిచిపాయె."

"ఎవరెవరు పోయినారమ్మా?"

"వాళ్ళిద్దరే. ఏంటికన్నా?"

ఏం చెప్పాలి? మీ అత్తామామలు పోతున్న కారు వెనకవాళ్ళకు అబద్ధం చెబుతోందని చెప్పాలా? నేనే అట్లా చేసి పంపానని చెప్పాలా? "ఏం లేదమ్మా, సుమ్నే, ఊరికే చేసినా," అని పెట్టేశాడు. టెస్టరూ కటింగ్ ప్లయరూ జేబులో వేసుకుని, షట్టరు సగం దించి, బైకెక్కాడు.

"యాడికప్పా?" అని మునిశామప్ప కేకేశాడు. అప్పటికే బైకు రోడ్డెక్కింది.

అమరనాథ్ చింతామణికి పోయే చేలూరు దారి పట్టాడు. రెండు పక్కలా వేరుశనగ చేలు, మధ్యలో సన్నటి తారురోడ్డు, దాని మీద కంకర క్వారీల టిప్పర్లు. ఖాళీగా పోయే టిప్పరుకు ఆగే అలవాటు ఉండదు. ముందు వెళ్ళే ప్రతి తెల్ల కారూ అంబాసిడరులాగే కనిపించి, దగ్గరికి వెళ్ళాక ఇంకేదో అవుతోంది. చింతామణి దాకా కుడికి తిరగాల్సినవి ఎక్కడెక్కడున్నాయో మనసులో ఒక్కొక్కటే తలుచుకున్నాడు. ప్రతి చోటా కారు నెమ్మదిస్తుంది, నాలుగూ కొట్టుకుంటాయి, వెనకనుంచి టిప్పరు వస్తుంది. అంతవరకే తలుచుకోగలిగాడు.

చేలూరు దాటాక ఒక మలుపులో నారింజరంగు ప్లాస్టిక్కు ముక్కలు రోడ్డు మీద చెదిరి ఉన్నాయి. అమరనాథ్ బైకు ఆపిన తీరుకు వెనక చక్రం జారింది. దిగి ఒక ముక్క తీసి చూశాడు. ఆటోది. దుమ్ము పట్టి ఉంది, ఎప్పటిదో. ఆ ముక్కను రోడ్డు పక్కకు విసిరేసి, పెద్దగా, ఎవరూ వినకపోయినా, "తల తిప్పి చూస్తే నీ సొమ్మేం పోయిండురా," అని తనను తానే తిట్టుకున్నాడు.

ఇంకొంచెం దూరంలో చింత చెట్ల వరుస మధ్య ఆ కారు కనిపించింది. ఈసారి అదే. గూడు బండిలా నిదానంగా, రోడ్డుకు ఒద్దికగా ఎడమ పక్కనే పోతోంది. బతికే ఉన్నారు. అమరనాథ్‌కు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. హారను కొడుతూ బైకును ఉరికించాడు. ఇంకాస్త దగ్గరయ్యాక చూస్తే, వెనక అద్దంలోంచి డ్రైవరు వైపు ఒక్క తల నీడే కనిపిస్తోంది. పిళ్ళప్ప పక్క సీటు ఖాళీగా ఉంది.

పుట్టమ్మ ఏది? అది అనుకునేలోపే వెనకనుంచి టిప్పరు హారను చెవులు చిల్లులు పడేట్టు మోగింది. అమరనాథ్ పక్కకు జరిగాడు. టిప్పరు అతన్ని దాటి కారు వెనకాల చేరింది. ముందు కుడి పక్కన పెట్రోలు బంకు ఉంది. కారు నెమ్మదించింది.

నాలుగు దీపాలూ కొట్టుకున్నాయి.

తను వేసినవే. ఎంత ఎండలోనైనా కన్ను గుచ్చినట్టు కనిపిస్తాయని చెప్పినవే. నేరుగా పోతున్నాం, దాటుకో అన్నట్టు నాలుగూ ఒక్క తాళానికి కొట్టుకుంటున్నాయి. టిప్పరువాడు దానికి తగ్గట్టే కుడి పక్కకు తీసి వేగం పెంచాడు. "రేయ్! వద్దురా!" అని అమరనాథ్ అరిచాడు. అంత ఇంజను చప్పుడులో ఆ అరుపు అతనికే వినపడలేదు.

అప్పుడు కారు వెనక సీటు కుడి పక్క కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చింది.

బక్క చెయ్యి. మోచేతి దాకా రవిక, మణికట్టుకు ఆకుపచ్చ గాజులు. తడబడలేదు, ఊగలేదు. భుజం దాకా బయటికి వచ్చి తిన్నగా నిలిచింది, అరచెయ్యి వెనక్కి చూపిస్తూ. టిప్పరు బ్రేకులు కీచుమన్నాయి. దుమ్ము లేచింది. ఆ దుమ్ములోనే అంబాసిడరు ఏమీ ఎరగనట్టు నింపాదిగా కుడికి తిరిగి బంకులోకి పోయింది. చెయ్యి లోపలికి పోయింది.

టిప్పరువాడు తల బయట పెట్టి, నాలుగూ వేసుకుని తిరిగేవాణ్ణి కన్నవాళ్ళను తిట్టి, వెళ్ళిపోయాడు. అమరనాథ్ బైకును తోసుకుంటూ బంకులోకి వెళ్ళాడు.

పిళ్ళప్ప అప్పటికే ఒళ్ళు తిప్పుకుని దిగాడు. అమరనాథ్‌ను చూసి ముఖం వెలిగిపోయింది.

"ఓ అమరనాథూ! నువ్వేందప్పా ఈడ? నూరేండ్లు నీకు! ఇప్పుడే నిన్ను తలుచుకుంటాంటి. ఏం లైట్లప్పా అవి! కుడిది వేస్తే చాలు, ఎంత పెద్ద బండైనా నిల్చిపోతాండాది. ఇప్పుడు చూడు, టిప్పరోడు గూడా నిల్చె. నా చెయ్యి చాపిన దినాల్లో గూడా ఇంత మర్యాద ల్యా!"

పుట్టమ్మ వెనక సీట్లో కుడి పక్కకు కూర్చుని ఉంది. నల్ల కళ్ళద్దాల వెనక ఆమె ఎటు చూస్తోందో తెలియదు. కుడి చేతి గాజులను ఎడమ చేత్తో ఒక్కొక్కటే పైకి జరుపుకుంటోంది.

అమరనాథ్‌కు అర్థమైంది. తను నోరు విప్పకపోతే చాలు. ఏదో సాకు చెప్పి ఆకుపచ్చ బల్బు పీకేసి వెళ్ళిపోవచ్చు. పిళ్ళప్ప ఆ లైట్ల గొప్పను పరగోడంతా చాటుతాడు. ఆమె చెప్పదు. చెప్పదలిస్తే ఇన్నాళ్ళు ఆగేదే కాదు. ఒక్క క్షణం ఆ ఆశ అతన్ని నిజంగానే లాగింది.

"లైట్లు చూసి కాదు తాతా," అన్నాడు. "లైట్లు తప్పు చెప్తాండాయి. కుడిది వేస్తే నాలుగూ కొడ్తాండాయి. అమ్మ ఆ పొద్దే చెప్పె. నేనే చూడలా."

"మరి టిప్పరోడు ఏంటికి నిల్చె?"

"అమ్మ చెయ్యి చాపె."

పిళ్ళప్ప వెనక కిటికీ వైపు తిరిగాడు. "కంటికి గాలి తగలల్ల, వెనక కూర్చుంటా అంటివే?" అన్నాడు. "నిన్నా, ఇయ్యాలా... అంతా నీ చెయ్యేనా?"

"ఇంగెవరిది?" అంది పుట్టమ్మ. "ఆ స్కూలు వ్యాను మీదికొచ్చిన పొద్దే చెప్తి గదా నీకు, లైట్లు సరిగా లేవని. అమరనాథ్‌కు తెలీనిది నీకు తెల్సా అంటివి. సరే, ఆయప్పకే తెల్సని ఊరకైపోతి. ఊరకే కూర్చుంటే పానం పోతాది గదా."

కోపంగా అనలేదు. దారిలో గుంత ఉందని చెప్పినంత మామూలుగా అంది. అందుకే అమరనాథ్‌కు మరీ ఎక్కువగా తగిలింది.

డ్యాష్ కిందికి దూరి, ఆకుపచ్చ బల్బును హోల్డరుతో సహా బయటికి లాగాడు. తీగలు రెండూ విడదీసి, కొసలకు టేపు చుట్టాడు. ఇంత ప్రాణభయానికీ కారణమైన ఆ బల్బు వేలి గోరంత లేదు. "ఇంగ లోపల పచ్చ లైటు ఉండదు తాతా. టిక్కు టిక్కు చప్పుడు వింటాండు, అది చాలు. తీరిగ్గా షాపుకు వస్తే సరిగా కలిపిస్తా," అన్నాడు. ఆ తర్వాత బయటికి రాకుండా, డ్రైవరు సీట్లో కూర్చునే పిలిచాడు.

"అమ్మా. నువ్వు వెనకకు పోయి నిలబడు. నేను కుడిది వేస్తా. ఏం కనిపిస్తాందో చెప్పు."

పుట్టమ్మ దిగి కారు వెనక్కి వెళ్ళింది. కాడ తిప్పాడు. టిక్కు టిక్కు టిక్కు.

"ఒకటే," అంది.

"ఎడమది గూడా కొట్టుకుంటాండాదా?"

"చెప్తి గదప్పా, ఒకటే అని."

ఎడమది వేశాడు. "ఒకటే," అంది మళ్ళీ. ముందు దీపాలకు కారు చుట్టూ తిరిగి వచ్చి అదే మాట చెప్పింది. అమరనాథ్ దిగి తన కళ్ళతో చూడలేదు. చూడాలని కాళ్ళు లాగాయి, అయినా చూడలేదు.

"నాదే తప్పమ్మా," అన్నాడు సీటు దిగి, ఆమె ముఖంలోకి చూడలేక ఆ గాజుల వైపు చూస్తూ. "ఆ పొద్దు నవ్వినాము గూడా."

"నవ్వితే ఏం పోతాది లేప్పా," అంది. అంతే అంది. పర్వాలేదని మాత్రం అనలేదు.

పెట్రోలు పట్టించాక పిళ్ళప్ప కారు చుట్టూ నడిచి వచ్చి, ఎడమ చేత్తో ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. పెళ్ళాం కోసం ఆయన కారు తలుపు తెరవడం అదే మొదటిసారి కాబోలు, ఎక్కడ పట్టుకోవాలో తెలియక గాజును పట్టుకున్నాడు. "రా, ముందర కూర్చో. ఇంగ లైట్లు సరిపాయె గదా."

పుట్టమ్మ ఆ తలుపును చూసింది. "ఈడ గాలి బాగుండాది," అని వెనక సీట్లోనే ఎక్కి, కుడి పక్కకు జరిగి, కిటికీ గాజు పూర్తిగా దించుకుంది.

అమరనాథ్ బాగేపల్లి వైపు తిరగాలి. సగం దించిన షట్టరు, నందీశ్ వ్యాను, అన్నీ అట్లాగే ఉన్నాయి. అయినా బైకును కారు వెనకాలే పట్టాడు. చింతామణి ఊళ్ళోకి వచ్చేసరికి బస్సులు, ఆటోలు, టమాటా ట్రేలు ఎత్తుకున్న టెంపోలు అటూ ఇటూ కమ్ముకున్నాయి. కంటి ఆస్పత్రి దారి కుడి పక్కన. కారు నెమ్మదించింది. అమరనాథ్ ఊపిరి బిగబట్టాడు.

కుడి దీపం కొట్టుకుంది. ఎడమది నల్లగా, చచ్చినట్టు పడి ఉంది. కుడిది ఒక్కటే, అంత ఎండలోనూ కన్ను గుచ్చినట్టు, తప్పులేకుండా కొట్టుకుంటోంది. అమరనాథ్ ఊపిరి వదిలాడు.

అప్పుడు కుడి పక్క కిటికీలోంచి గాజుల చెయ్యి వచ్చి, తిన్నగా నిలిచింది.

అమరనాథ్ దీపం వంక మళ్ళీ చూడలేదు. ఆ చెయ్యిని చూసి బ్రేకు వేశాడు.